తెలియక చేసిన హింసకు దోషం ఉంటుందా? సౌలు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరాధన ముగిశాక జరిగే మా బైబిలు తరగతిలో అపొస్తలుల కార్యములు ఎన్నిసార్లు మొదలుపెట్టినా తొమ్మిదో అధ్యాయం దగ్గర బండి ఆగిపోతుంది. యేసు శిష్యులను హింసించిన సౌలు, దమస్కుకు వెళ్లే దారిలో వెలుగు చూసి, నేల మీద పడి, యేసు స్వరం విని మారిన అధ్యాయం అది. తర్వాత అపొస్తలుడిగా పేరుపొందిన పౌలు ఆయనే. "పాపం, ఆయనకు తెలియదు కదండీ" అని ఒకరంటారు. "తెలియకపోతే మాత్రం? పోయిన ప్రాణాలు తిరిగొస్తాయా?" అని ఇంకొకరు అడ్డు తగులుతారు. ఇద్దరి దగ్గరా వాక్యాలున్నాయి, అందుకే వాదన తెగదు. అవే సందేహాలు ఏటా తిరిగి వస్తుండడంతో, అడిగినవాళ్ల మాటల్లోనే ఇక్కడ రాసిపెట్టాను. ఎక్కడి నుంచైనా చదవవచ్చు.

## అసలు ఏం జరిగింది?

సౌలు స్వయంగా ఎవరినైనా చంపాడా?

ఆయన రాయి విసిరినట్టు ఎక్కడా రాసి లేదు. అంతమాత్రాన ఆయన చేతులు శుభ్రంగా ఉన్నాయని కాదు. యేసు శిష్యుడైన స్తెఫనును రాళ్లతో కొట్టి చంపుతుంటే సాక్షులు తమ పైబట్టలు సౌలు అనే యువకుని పాదాల దగ్గర పెట్టారు. ఆ చావుకు ఆయన సమ్మతించాడని అపొస్తలుల కార్యములు రాసిన లూకా విడిగా చెబుతాడు. తర్వాత సౌలు ఇల్లిల్లూ తిరిగి, పురుషులనీ స్త్రీలనీ ఈడ్చుకుపోయి చెరసాలలో వేయించాడు.

చాలా ఏళ్ల తర్వాత, కైసరయలో అగ్రిప్ప రాజు ముందు పౌలే ఇంకాస్త బయటపెడతాడు: విశ్వాసులను చంపినప్పుడు తానూ సమ్మతించానని. గ్రీకులో ఆ మాటకు అక్షరార్థం "నా గులకరాయి వేశాను". అప్పట్లో ఓటు వేసే పద్ధతి అది. యూదుల పెద్ద న్యాయసభ అయిన మహాసభలో సభ్యుడిగా నిజంగానే ఓటు వేశాడా, లేక అది నుడికారమా అన్నది పండితులు తేల్చలేదు. నుడికారమే అయి ఉంటుందని నా అంచనా. స్తెఫను చనిపోయిన రోజున ఆయన యువకుడు, మహాసభలో కూర్చునే వయసు కాకపోవచ్చు. గమనించవలసింది మరొకటుంది. అక్కడ పౌలు వాడింది బహువచనం. స్తెఫను ఒక్కడితోనే ఆగలేదన్నమాట.

బట్టలకు కాపలా కాసినంత మాత్రాన నేరంలో భాగమా?

ఆ దృశ్యాన్ని కాస్త దగ్గరగా చూడాలి. మరణశిక్షలో మొదటి రాయి సాక్షులే వేయాలని ద్వితీయోపదేశకాండము చెబుతుంది. బరువైన రాయి ఎత్తి విసరాలంటే భుజాలకు అడ్డంపడే పైబట్ట తీసేయాలి. తీసిన బట్టను ఎవరికి అప్పగిస్తాం? మనవాడే అన్న నమ్మకం ఉన్నవాడికి. దారిన పోయేవాడి కాళ్ల దగ్గర ఎవరూ పెట్టరు.

నాలుగో శతాబ్దం చివర్లోనూ ఐదో శతాబ్దం మొదట్లోనూ ఉత్తర ఆఫ్రికాలో బోధించిన అగస్టీను దీని గురించి గట్టి మాటే అన్నాడు. అందరి బట్టలూ కాపాడడం ద్వారా సౌలు అందరి చేతులతోనూ రాళ్లు వేశాడని. పౌలు కూడా ఈ విషయంలో తప్పించుకోలేదు. యెరూషలేము దేవాలయంలో ప్రార్థించినప్పుడు, "స్తెఫను రక్తం చిందినప్పుడు నేను దగ్గర నిలిచి, సమ్మతించి, చంపినవారి వస్త్రాలకు కావలి ఉన్నాను" అని ఒప్పుకున్నట్టు ఆయనే చెబుతాడు. కాపలా కాసిన సంగతి ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆయనకు చిన్న విషయంగా అనిపించలేదు.

దమస్కు దాకా వెళ్లి పట్టుకొచ్చే అధికారం ఆయనకెక్కడిది?

ప్రధానయాజకుని దగ్గర అడిగి తీసుకున్న ఉత్తరాలే ఆ అధికారం. అక్కడి సమాజమందిరాల (యూదుల ప్రార్థనాస్థలాల) పెద్దలు సహకరిస్తే పని జరుగుతుంది. యెరూషలేము నుంచి దమస్కు రెండు వందల కిలోమీటర్లకు పైనే ఉంటుంది, నడిస్తే సుమారు వారం. ఉత్తరాలు ఇమ్మని ఎవరూ ఆయనను బతిమాలలేదు, తానే వెళ్లి అడిగాడు. ఉద్దేశం గురించి మాట్లాడేటప్పుడు ఈ చిన్న వివరం పనికొస్తుంది. ఆజ్ఞ పాటించిన బంటు కాడు సౌలు, ఆ ఆజ్ఞను అడిగి పుట్టించినవాడు.

గుర్రం మీద నుంచి పడ్డాడంటారు, నిజమేనా?

గుర్రం చిత్రకారులది. 1601 ప్రాంతంలో కారవాజియో రోములో గీసిన చిత్రంలో గుర్రమే సగం పటం ఆక్రమించింది. బైబిల్లో నేల మీద పడ్డాడని మాత్రమే ఉంది.

మారాక దేవుడే ఆయనకు పౌలు అని పేరు పెట్టాడా?

లేదు. సౌలు హెబ్రీ పేరు, పౌలు రోమా పేరు, రెండూ ఆయనవే. దమస్కు సంఘటన తర్వాత కూడా లూకా చాలాకాలం సౌలు అనే రాస్తాడు. కుప్ర ద్వీపంలో పరిచర్య మొదలయ్యాక, పదమూడో అధ్యాయంలో, "పౌలు అనబడిన సౌలు" అని ఒక్కసారి అని, అక్కణ్నుంచి పౌలు అని పిలుస్తాడు. "సౌలు చచ్చాడు, పౌలు పుట్టాడు" అన్నది ప్రసంగానికి బాగుంటుంది కానీ, అందులో ఒక ప్రమాదముంది. పాత పేరుతో పాటు పాత బాధ్యత కూడా పోయినట్టు వినిపిస్తుంది. హింసించినది నేనేనని పౌలు పేరుతోనే ఆయన రాశాడు.

## ఉద్దేశం గురించి

దేవుని కోసమే చేస్తున్నానని నిజంగా నమ్మాడా, లేక పదవి కోసమా?

నిజంగానే నమ్మాడు. పితరుల పారంపర్యాచారాల విషయంలో అత్యాసక్తి గలవాడినని గలతీయులకు రాశాడు. తోటివారికంటే ముందున్నానని కూడా అదే వాక్యంలో ఒప్పుకున్నాడు కాబట్టి కొంత పోటీ మనస్తత్వమూ ఉండే ఉంటుంది. మనుషుల్లో ఈ రెండూ కలిసే ఉంటాయి.

ఆ "ఆసక్తి" అన్న మాటకు వెనక ఒక చరిత్ర ఉంది. సంఖ్యాకాండములో ఫీనెహాసు ఈటె పట్టుకుని, విగ్రహారాధనలో మునిగిన పాళెంలో ఒక ఇశ్రాయేలీయుణ్నీ ఒక మిద్యాను స్త్రీనీ పొడిచి చంపాడు. తెగులు ఆగింది. అది అతనికి నీతిగా ఎంచబడిందని 106వ కీర్తన అంటుంది. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో మక్కబీయులు అనే యూదు యోధులు తిరగబడ్డప్పుడు కూడా ఆదర్శంగా తలచుకున్నది ఫీనెహాసునే. ఇలాంటి వాతావరణంలో పెరిగిన యువకుడికి, సిలువ మీద చచ్చినవాణ్ని మెస్సీయ అనే గుంపు పాళెంలో చొరబడ్డ తెగులులా కనిపించి ఉంటుంది.

లేఖనాల్లో "నీతిగా ఎంచబడెను" అన్న మాట ఫీనెహాసు ఈటె గురించీ ఉంది, అబ్రాహాము విశ్వాసం గురించీ ఉంది. రోమీయులకు రాసేటప్పుడు పౌలు తీసుకున్నది అబ్రాహామును. ఫీనెహాసు పేరు ఆయన ఏ పత్రికలోనూ, అంటే తాను రాసిన ఏ ఉత్తరంలోనూ, ఎత్తలేదు.

లోలోపల మనస్సాక్షి పొడుస్తూ ఉండేదా? "మునికోలలకు ఎదురు తన్నుట" అంటే అదే కదా?

చాలామంది బోధకులు అలాగే చెబుతారు: స్తెఫను ముఖం గుర్తొచ్చి సౌలుకు నిద్ర పట్టేది కాదని. వినడానికి బాగుంటుంది, వాక్యంలో మాత్రం లేదు.

ఆ మాట దమస్కు దారిలో యేసు సౌలుతో అన్నది. మునికోల అంటే దుక్కిటెద్దును తోలే ముల్లుగర్ర, చివర ఇనుప మొన. మొండి ఎద్దు వెనక్కి తన్నితే రైతుకేమీ కాదు, మొన దాని కాలిలోకే ఇంకాస్త దిగుతుంది. ఇది అప్పటి గ్రీకు నాటకాల్లో కూడా వినిపించే సామెత. తనకంటే బలవంతుడితో, ముఖ్యంగా దైవంతో, తలపడితే దెబ్బ నీకేనని దాని భావం. అంతరాత్మ ఘోష గురించిన మాట కాదు.

పైగా ఫిలిప్పీయులకు రాస్తూ పౌలు తన పాత జీవితం గురించి చెప్పినది చూడండి: ధర్మశాస్త్రపు నీతి విషయంలో అనింద్యుడిని. నిద్రపట్టనివాడు అలా రాయడు. స్వీడన్ పండితుడు క్రిస్టర్ స్టెండాల్ 1963లో ఈ సంగతే ఎత్తి చూపాడు. కుమిలిపోయే మనస్సాక్షి పదహారో శతాబ్దపు సంస్కర్త లూథరుది, దాన్ని తెచ్చి పౌలుకు అంటగట్టామని ఆయన వాదన. ఈ ఒక్క విషయంలో ఆయనతో నేను ఏకీభవిస్తాను. సౌలు హాయిగా నిద్రపోయేవాడు. భయపడవలసింది సరిగ్గా అందుకే.

ఆయనకు నిజం తెలుసుకునే అవకాశమే లేదు కదా?

ఉంది, అదీ తన సొంత గురువు నోటి నుంచే. సౌలు యెరూషలేములో గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నాడు. అపొస్తలులను చంపాలని మహాసభ ఉడికిపోతున్నప్పుడు ఆ గమలీయేలే లేచి, వీళ్ల జోలికి వెళ్లకండి, ఇది మనుషుల పని అయితే దానంతటదే పోతుంది, దేవునిదైతే మీరు దేవునితో పోరాడేవారవుతారు అన్నాడు. ఆ సభలో సౌలు ఉన్నాడని రాసి లేదు. కానీ గురువు వైఖరి శిష్యుడికి బొత్తిగా తెలియకుండా ఉండడం కష్టం.

ఇంకొకటి. స్తెఫనుతో వాదించి ఓడిపోయినవారిలో కిలికియ నుంచి వచ్చినవారున్నారు. సౌలు ఊరు తార్సు కిలికియలోనిదే. ఆ వాదనలు ఆయన చెవిన పడి ఉండవచ్చు. ఆయనది చీకటి గదిలో పుట్టిన అజ్ఞానం కాదు, కిటికీ పక్కనే కూర్చున్నవాడి అజ్ఞానం.

అంటే పరిసయ్యులంతా, యూదులంతా ఇలాంటివాళ్లేనా?

కాదు. వద్దని ఆపిన గమలీయేలు కూడా ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుల వర్గంవాడే. స్తెఫనుకు సమాధి చేసి ఏడ్చినవారు భక్తిగల మనుషులని లూకా రాశాడు. హింసకు గురైనవాళ్లూ యూదులే. పౌలు తన జీవితం చివరి భాగంలో కూడా మహాసభ ముందు నిలబడి "నేను పరిసయ్యుడను" అని వర్తమాన కాలంలోనే అన్నాడు. సౌలు తప్పు సౌలుది, ఆయనకు ఉత్తరాలిచ్చినవారిది. దాన్ని ఒక జాతి మొత్తానికి పూసిన ప్రసంగాలు తర్వాతి శతాబ్దాల్లో ఎంత రక్తం కళ్లజూశాయో చరిత్ర చదివినవారికి తెలుసు.

## దోషం గురించి

"తెలియక చేసితిని గనుక కనికరింపబడితిని" అన్నాడు. అంటే తప్పు లేదనే కదా?

అందరూ ఆగే వాక్యం ఇదే, 1 తిమోతి మొదటి అధ్యాయంలోది. ఆ "గనుక" మీదే గొడవంతా.

తప్పు లేనివాణ్ని కోర్టు విడుదల చేస్తుంది, కనికరించదు. కనికరం దోషికి చూపేది. పౌలు "తెలియక చేశాను గనుక నిర్దోషిని" అనలేదు. "తెలియక" అన్న మాట దోషాన్ని చెరిపేసేదే అయితే తర్వాత కనికరం ప్రస్తావనకే చోటు లేదు. అజ్ఞానం ఆయన విషయంలో చేసినదల్లా ఒకటే. తలుపు పూర్తిగా మూసుకుపోకుండా ఆపింది. సత్యమని తెలిసి తెలిసీ దాన్ని కాళ్లతో తొక్కినవాడి స్థితి వేరు, ఆ స్థితికి ఆయన చేరలేదు.

అదే వాక్యంలో తనకు తాను పెట్టుకున్న పేర్లు మూడు: దూషకుడు, హింసకుడు, హానికరుడు. మూడో మాటకు గ్రీకులో ఉన్న పదం మామూలు హాని చేసేవాడికి వాడేది కాదు. పొగరుతో ఎదుటివాణ్ని అవమానించి, ఆ అవమానంలో తృప్తి పొందేవాడికి వాడేది. నాకు ఆ వాక్యంలో అన్నిటికంటే నిజాయితీగల మాట అదే అనిపిస్తుంది. యేసు ఎవరో తెలియకపోవడం ఒక సంగతి. ఒక స్త్రీని ఇంట్లోంచి ఈడ్చుకుంటూ వీధిలోకి తేవడం క్రూరమని తెలియకపోవడం వేరే సంగతి. మొదటిది అజ్ఞానం, రెండోదానికి ఆ సాకు చెల్లదు. సౌలు సంఘాన్ని "పాడుచేశాడు" అని చెప్పడానికి లూకా వాడిన గ్రీకు మాట, గ్రీకు కీర్తనల గ్రంథంలో ద్రాక్షతోటను ధ్వంసం చేసే అడవిపందికి వాడినదే.

తెలియక చేసిన పాపాన్ని ధర్మశాస్త్రం ఎలా చూసింది?

పౌలు చదువుకున్న ధర్మశాస్త్రం ఈ విషయంలో మనకంటే జాగ్రత్తగా ఉంది. పొరబాటున చేసిన పాపానికి లేవీయకాండములో బలి ఉంది. చెయ్యెత్తి, తెగించి చేసిన పాపానికి సంఖ్యాకాండము పదిహేనో అధ్యాయంలో బలి లేదు, ప్రజల్లోంచి కొట్టివేయడమే. తేడా ఇంత పెద్దది. కానీ పొరబాటుకు బలి అవసరమే లేదని మాత్రం ఎక్కడా లేదు. తెలియక చేసినా అతడు అపరాధి, తన దోషశిక్షను భరిస్తాడు అని లేవీయకాండము ఐదో అధ్యాయం సూటిగా అంటుంది. తెలిసి తాకినా తెలియక తాకినా నిప్పు కాలుస్తుందని మన పెద్దలు అన్నది కూడా ఇంచుమించు ఇదే.

ద్వితీయోపదేశకాండములో ఇంకో ఉదాహరణ ఉంది. ఇద్దరు కట్టెలు కొట్టడానికి అడవికి వెళ్లారు. ఒకడు గొడ్డలి ఎత్తి వేస్తుంటే ఇనుము పిడిలోంచి ఊడి పక్కవాడికి తగిలి ప్రాణం పోయింది. అతనికి పగ లేదు, కాబట్టి ఆశ్రయపురానికి పారిపోయి బతకవచ్చు. అయినా ఇల్లూ పొలమూ వదిలి, ప్రధానయాజకుడు చనిపోయేదాకా ఆ పురం దాటకూడదని సంఖ్యాకాండము చెబుతుంది. సౌలు కథ గొడ్డలి కథ లాంటిది కూడా కాదు. ఆయన చేతిలోని గొడ్డలి ఊడిపోలేదు, గురిచూసి వేశాడు. పొరబడింది ఎవరిని కొడుతున్నాడన్న విషయంలో.

మనస్సాక్షి నిర్మలంగా ఉన్నప్పుడు దోషం ఎక్కడి నుంచి వస్తుంది?

నేటి వరకు మంచి మనస్సాక్షితో నడుచుకున్నానని పౌలు మహాసభ ముందు చెప్పాడు. వినగానే ఎక్కడో గుచ్చుకుంటుంది. స్తెఫను రోజున కూడానా? ఆయన లెక్కలో అవును, ఆ రోజున కూడా.

అయితే కొరింథీయులకు రాస్తూ ఆయనే అన్నది దీని పక్కన పెట్టాలి. నా మీద నాకు ఏ దోషమూ కనిపించడం లేదు, అయినా అంతమాత్రాన నీతిమంతుడిగా ఎంచబడను, నన్ను విమర్శించేవాడు ప్రభువు. అక్కడ మాట్లాడుతున్నది తన పరిచర్య గురించి, పాత హింస గురించి కాదు. కానీ ఆ మాట రాయగలిగినవాడు ఒకప్పుడు నిర్మలమైన మనస్సాక్షితో ఘోరం చేసి చూసినవాడు. మనస్సాక్షి సాక్షి మాత్రమే, న్యాయాధిపతి కాదని ఆయనకు అనుభవం మీద తెలిసింది.

1 తిమోతి పౌలు రాయలేదంటారు. అలాగైతే "తెలియక" అన్న మాటకు విలువేముంది?

సంఘం మొదటి నుంచీ దాన్ని పౌలు పత్రికగానే చదివింది. ఆధునిక పండితుల్లో ఎక్కువమంది మాత్రం ఆయన తర్వాతి తరంలో, ఆయన పేరున శిష్యులెవరో రాశారని భావిస్తారు. మీరు ఏ పక్షమైనా, ఒక విషయం గమనించండి. ఎవరికీ సందేహం లేని పత్రికల్లో ఆయన తన హింస గురించి ముఖ్యంగా మూడు చోట్ల మాట్లాడాడు. గలతీలో "మితిలేకుండా హింసించాను" అన్నాడు. 1 కొరింథీలో "అపొస్తలుడనని పిలువబడడానికి తగను" అన్నాడు. ఫిలిప్పీలో తన పాత యోగ్యతల జాబితాలో "పరిసయ్యుడను", "అనింద్యుడను" అన్న మాటల మధ్య "సంఘాన్ని హింసించినవాడను" అని ఇరికించాడు. ఒకప్పుడు అది ఆయనకు బిరుదు.

ఈ మూడింట ఒక్క చోట కూడా "తెలియక" అన్న మాట లేదు. తోటి యూదుల గురించైతే, వారికి దేవునియందు ఆసక్తి ఉంది కానీ జ్ఞానానుసారమైనది కాదని రోమీయులకు సానుభూతిగా రాశాడు. ఆ మినహాయింపును ఇతరులకు ఇచ్చాడు, తనకు తీసుకోలేదు.

"పాపులలో ప్రధానుడను" అన్నది వినయం కోసం అన్న అతిశయోక్తి కాదా?

కొంత అలంకారం ఉండవచ్చు. కానీ అది ఉత్త వినయమే అయితే పక్కనే నేరాల పేర్లు ఎందుకు? వినయం కోసం మాట్లాడేవాళ్లు వివరాల్లోకి వెళ్లరు.

"వెనుక ఉన్నవి మరచి" అన్నవాడు దీన్ని ఎందుకు మరవలేదు?

ఫిలిప్పీ మూడో అధ్యాయంలో ఆయన మరుస్తానన్నది పరుగుపందెంలో వెనక్కి తిరిగి చూడకపోవడం లాంటిది. ఆ మాటకు కాస్త ముందు, అదే అధ్యాయంలో, తాను హింసకుడినని రాసిన సిరా ఇంకా ఆరి ఉండదు. తన మంచి లెక్కలను మరిచిపోతానన్నాడు, చెడ్డవాటిని దాచేస్తానని కాదు.

పాత వేదాంతులు ఏమన్నారు?

ఒకటే మాట అనలేదు. నాలుగో శతాబ్దపు యోహాను క్రిసోస్తోముకు వచ్చిన ప్రశ్న తమాషాగా ఉంటుంది: తెలియకపోవడమే కారణమైతే మిగతా హింసకులకూ కనికరం దొరకాలి కదా? వాళ్లు తెలిసే చేశారు, పేరు కోసం చేశారు, సౌలు మాత్రం ఆసక్తితో చేశాడని ఆయన జవాబు. సౌలు వరకు సరే, మిగతా అందరి మనసుల్లోకీ ఆయన ఎలా తొంగి చూశాడో నాకు అర్థం కాదు.

పన్నెండో శతాబ్దంలో పారిస్‌లో పీటర్ అబెలార్డు ఇంకా దూరం వెళ్లాడు. పాపమంటే దేవుణ్ని తెలిసి ధిక్కరించడమే కాబట్టి, హతసాక్షులను చంపడమే తమ విధి అని నమ్మినవాళ్లు మనస్సాక్షికి విరుద్ధంగా వాళ్లను వదిలేసి ఉంటే ఇంకా పెద్ద దోషులయ్యేవారన్నాడు. ఆయన బోధల్లో కొన్నింటిని సాన్స్‌లో జరిగిన సంఘ పెద్దల సభ ఖండించింది, వాటిలో దీనికి దగ్గరి మాట కూడా ఒకటి. పదమూడో శతాబ్దంలో తామస్ అక్వినాస్ మధ్యేమార్గం పట్టాడు. పొరబడిన మనస్సాక్షి కూడా మనిషిని కట్టి ఉంచుతుంది, కానీ తెలుసుకోవలసినది నిర్లక్ష్యంతో తెలుసుకోకపోతే ఆ పొరబాటు అతణ్ని రక్షించదు. గమలీయేలు శిష్యుడికి ఈ కొలత సరిగ్గా సరిపోతుందని నాకనిపిస్తుంది.

## మన సంఘాల్లో అడిగేవి

సాక్ష్యం చెప్పేటప్పుడు పౌలులా పాత జీవితం వివరంగా చెప్పాలా?

తెలుగు సంఘాల్లో సాక్ష్యమంటే కొందరికి పాత పాపాలను రసవత్తరంగా చెప్పడం. ఎంత చీకటి చూపిస్తే అంత వెలుగు అన్నట్టు ఏడాదికేడాది వివరాలు పెరుగుతుంటాయి కూడా. పౌలు పత్రికల్లో హింస ప్రస్తావన ఎప్పుడూ ఒకటి రెండు వాక్యాలే. అందులో గొప్ప లేదు, రక్తి కట్టించే వర్ణన లేదు, సాకు లేదు. కాస్త వివరంగా చెప్పింది న్యాయవిచారణల ముందు, తనను పట్టుకున్నవాళ్ల ఎదుట. చప్పట్లు కొట్టే సభలో కాదు.

ఎవరైనా విశ్వాసులను హింసిస్తుంటే "వీడు రేపటి పౌలు" అనవచ్చా?

ప్రార్థనలో అనుకోండి, తప్పు లేదు. కానీ దెబ్బలు తిన్నవాడి ముందు ఆ మాట అనే ముందు ఒక్క క్షణం ఆగండి. ప్రతి హింసకుడూ పౌలు కాలేదు. సౌలుకు ఉత్తరాలిచ్చినవారు మారినట్టు ఎక్కడా లేదు.

ఈ కథను తిప్పి వాడినవాళ్లు కూడా ఉన్నారు. సంఘం నుంచి చీలిపోయిన దొనాతు వర్గపు క్రైస్తవులను ప్రభుత్వ బలంతో దారికి తేవడాన్ని అగస్టీను సమర్థిస్తూ, క్రీస్తు కూడా పౌలును నేల మీద పడగొట్టి బలవంతంగానే మార్చాడు కదా అన్నాడు. స్తెఫను గురించి అంత బాగా బోధించినవాడే! బలవంతం మానుకున్నవాడి కథను బలవంతానికి ఆధారం చేయడం నాకు మింగుడుపడదు. దేవుణ్ని సేవిస్తున్నామన్న ధీమాతో తోటివాణ్ని నొక్కేయడం సౌలు చేసిన పనే.

## బాధితుల వైపు నుంచి

మారగానే విశ్వాసులు ఆయనను నమ్మారా?

నమ్మలేదు, నమ్మకపోవడమే సహజం. దర్శనంలో సౌలు పేరు విన్న దమస్కు శిష్యుడు అననీయ, ఈ మనిషి యెరూషలేములో ఎంత కీడు చేశాడో విన్నానని ప్రభువుతోనే వాదించాడు. అయినా వెళ్లాడు. మూడు రోజులుగా చూపు లేక, అన్నపానాలు మానేసి, తిన్ననిదను వీధిలో యూదా అనే అతని ఇంట్లో కూర్చున్నవాడి మీద చేతులుంచి అన్న మొదటి మాట, "సౌలా, సహోదరుడా". కనుక్కుని కట్టిపడేయాలని వచ్చిన జాబితాలో ఆ అననీయ పేరు కూడా ఉండి ఉండవచ్చు. యెరూషలేము శిష్యులు ఇంకా భయపడ్డారు, వారిలో ఒకడైన బర్నబా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేదాకా దగ్గరికి రానివ్వలేదు. వాళ్లను అవిశ్వాసులని నిందించే ప్రసంగాలు విన్నాను. ఇంట్లోంచి ఈడ్చుకుపోబడినవాళ్లకు జాగ్రత్తపడే హక్కు ఉంది.

చేసినదానికి ఆయనకు శిక్ష పడిందా?

ఏ న్యాయస్థానమూ ఆ నేరానికి ఆయనను విచారించలేదు. కానీ తాను చేసినవే ఒక్కొక్కటిగా ఆయన మీదికి వచ్చాయి. సమాజమందిరాల్లో విశ్వాసులను కొట్టించినవాడు అలాంటి సమాజమందిరాల్లోనే ఐదుసార్లు, ఒకటి తక్కువ నలభై చొప్పున దెబ్బలు తిన్నాడు. సమాజమందిరం శిక్ష అక్కడి సభ్యుడికే. ఆయన సంబంధం తెంచుకుని ఉంటే ఆ దెబ్బలు తప్పేవి, తెంచుకోలేదు. లుస్త్ర అనే ఊళ్లో రాళ్లతో కొట్టి, చచ్చాడనుకుని ఊరి బయటికి ఈడ్చి పారేశారు. సౌలు ఇళ్లలోంచి విశ్వాసులను ఈడ్చినప్పుడు లూకా వాడిన గ్రీకు క్రియ, లుస్త్రలో పౌలును ఈడ్చినప్పుడు వాడినది ఒకటే. మన తెలుగు బైబిల్లో కూడా రెండు చోట్లా ఈడ్వడమే. లూకా కావాలనే చేశాడని నేననుకుంటాను. పౌలు మాత్రం ఈ దెబ్బలను తన పాత పాపానికి శిక్ష అని ఎక్కడా అనలేదు, ప్రాయశ్చిత్తం అని అసలే అనలేదు.

యెరూషలేము పేదల కోసం చందా పోగుచేశాడు కదా, అది నష్టపరిహారమా?

మాసిదోనియ, అకయ సంఘాల నుంచి ఏళ్ల తరబడి పోగుచేసి, ప్రాణానికి ప్రమాదమని తెలిసీ తానే మోసుకెళ్లాడు. తాను పాడుచేసిన సంఘానికే తీసుకెళ్లాడన్నది నిజం. కారణంగా ఆయన చెప్పింది మాత్రం వేరు: అన్యజనులు యూదుల ఆత్మీయ దీవెనల్లో పాలు పొందారు కాబట్టి వారికి బాకీపడ్డారని. తన సొంత బాకీ సంగతి ఎత్తలేదు. మనసులో ఉండి ఉంటుందని నాకనిపిస్తుంది, అది నా ఊహ.

తాను హింసించినవాళ్లను ముఖాముఖి కలిశాడా? క్షమాపణ అడిగాడా?

క్షమాపణ అడిగిన సన్నివేశం కొత్త నిబంధనలో లేదు. తనకంటే ముందే క్రీస్తులో ఉన్న అంద్రొనీకు, యూనీయ అనేవారి పేర్లు రోమా పత్రిక చివర ప్రేమగా రాశాడు, తోటి ఖైదీలుగా.

ఒక రాత్రి మాత్రం నన్ను వదలదు. చివరిసారి యెరూషలేము వెళుతూ పౌలు కైసరయలో ఫిలిప్పు ఇంట్లో దిగాడు. ఈ ఫిలిప్పు అపొస్తలుడు కాడు, భోజనపు బల్లల దగ్గర సేవకు ఎన్నుకున్న ఏడుగురిలో ఒకడు. ఆ ఏడుగురిలో మొదటి పేరు స్తెఫనుది, రెండోది ఫిలిప్పుది. స్తెఫను చనిపోయాక లేచిన హింసలోనే ఫిలిప్పు యెరూషలేము వదిలి సమరయకు చెదిరిపోయాడు, చివరకు కైసరయలో స్థిరపడ్డాడు. అంటే అతణ్ని ఊళ్లోంచి వెళ్లగొట్టినవాడే సుమారు ఇరవై ఏళ్ల తర్వాత అతిథిగా అతని గడప తొక్కాడు. ఇంట్లో ప్రవచించే కుమార్తెలు నలుగురు. పౌలు బృందం అక్కడ చాలా రోజులున్నారు. ఆ భాగం "మేము" అని సాగుతుంది, అంటే రాసినవాడు కూడా ఆ ఇంట్లోనే భోజనం చేశాడు. ఫిలిప్పు మొదటి మాట ఏమన్నాడో, పౌలు ఏం జవాబిచ్చాడో, స్తెఫను పేరు ఎవరు ముందు ఎత్తారో ఆయన రాయలేదు.